ఆ వైపు కరెంటు నేనే తీశాను

ఒక సెంటర్ తెగిపోతే ఏమవుతుందో చూసే డ్రిల్ వానాకాలంలోనే పెట్టాలన్నది నా పట్టుదల. ఎండాకాలంలో ఎవరి సర్వర్లయినా నడుస్తాయి, అందులో గొప్పేముందని మీటింగులో నోరు పారేసుకున్నాను.

అడవి పల్లెలకు అంబులెన్సులు పంపే సిస్టం మాది. ఒకే సమాచారం రెండు చోట్ల ఉంటుంది. సత్తుపల్లి సెంటర్లో నేను, హెప్సిబాని. ములకలపల్లి సెంటర్లో మా తమ్ముడు క్రాంతికుమార్. ఒకటి మునిగినా, తగలబడినా రెండోది ఆగకూడదు. ఆ డిజైన్ నాది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, రెండింటి మధ్య లైనును నా చేత్తోనే పీకాను. బయట రేకుల మీద వాన దంచికొడుతోంది. గదిలో ఏసీ హోరు, వేడెక్కిన వైర్ల వాసన. లైను తెగితే ఏ వైపు నడవాలో తేల్చే మూడో మెషీన్ చర్లలో ఉంది. వానకు అక్కడి టవర్ పోయినట్టుంది, దాని నుంచి జవాబు లేదు.

ఇక రెండు వైపులా 'నేనే అసలు' అనుకుంటాయి. ఒకే బండిని చెరో ఊరికి పంపుతాయి. మనుషులు చస్తారు. అందుకే నేనొక రూలు రాశాను. అనుమానం వస్తే రెండు నిమిషాల్లో అవతలి వైపు కరెంటు తీసెయ్యాలి. అందుకు తెర మీద ఒక బటన్ ఉంది, లైను లేకున్నా మొబైల్ సిగ్నల్ మీద పనిచేస్తుంది.

అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడు. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"అక్కా... నువ్వు ఏడున్నవ్?"

"సత్తుపల్లిల. ఇంకేడుంట రా?"

"మరి ఈడ తలుపు కొడుతున్నది ఎవరు?"

వాడికి చిన్నప్పటి నుంచీ నన్ను ఏడిపించడం సరదా. కిందటి డ్రిల్లో సర్వర్లలో పాము దూరిందని చెప్పి నన్ను ములకలపల్లి దాకా పరిగెత్తించాడు. ఒళ్లు మండింది.

"నాటకాలు బంద్ చెయ్. కరెంటు తీస్తున్న."

"వద్దక్కా! కరెంటు పోతే తలుపు తెరుచుకుంటది. తలుపు అద్దంలకెళ్లి కనబడుతున్నది... నువ్వే. చేతిల ఇనుప రాడ్డు ఉంది. ఏం మాట్లాడుతలేవు... కొడుతనే ఉన్నవ్..."

మంటలంటుకుంటే మనిషి లోపల ఇరుక్కోకూడదని, కరెంటు పోగానే తెరుచుకునే తలుపు పెట్టించిందీ నేనే. తెర మీద ఇరవై సెకన్లు మిగిలాయి. నొప్పులు పడుతున్న ఒక గర్భిణి కోసం బయల్దేరిన బండికి అప్పటికే రెండు సెంటర్ల నుంచీ రెండు వేర్వేరు దార్లు వెళ్లిపోయాయి.

బటన్ నొక్కాను.

ఫోన్లో ఫ్యాన్ల చప్పుడు మెల్లగా ఆగిపోయింది. తర్వాత టక్ మని చిన్న శబ్దం.

"అక్కా... నొక్కినవా?"

ఆపైన దెబ్బ. ఎముక మీద ఇనుము... వాడు కేక పెట్టాడు. ఇంకో దెబ్బ. ఇంకోటి. కేక కాస్తా గురకలా మారింది. తడి చప్పుడు... ఆగలేదు. ఆపమని నేను ఫోన్లోకి అరుస్తూనే ఉన్నాను. భయం కంటే ముందు నామీద నాకే అసహ్యం వేసింది.

చివరికి ఎవరో ఫోన్ ఎత్తారు. ఆయాసపడుతున్నారు... కట్ చేశారు.

ఆ గదిలో బ్యాటరీ మీద నడిచే కెమెరాలో వాణ్ని చూడాలి. బతికున్నాడో లేదో తెలియాలి. ఇంకేమీ ఆలోచించకుండా పీకిన లైను మళ్లీ పెట్టేశాను.

రెండు వైపులా కలిశాక అసలు అని తేలిన వైపు రాసిందే ఉంటుంది, రెండో వైపుది చెరిగిపోతుంది. తమ్ముడి వైపు కరెంటు లేదు. ఆ వైపు అసలు లేనే లేదు. కానీ తెర మీద వచ్చింది...

అసలు ప్రతి: ములకలపల్లి.

నా కళ్ల ముందే సత్తుపల్లి రికార్డు వరుసలు చెరిగిపోవడం మొదలైంది. మూడింటి డ్రిల్. పొద్దున నా లాగిన్. తమ్ముడికి మళ్లీ చేద్దామని ఫోన్ తీశాను. వాడు చేసిన కాల్ కూడా అందులో లేదు.

బయటికి పరిగెత్తాను. వాచ్‌మన్ రమణ గేటు దగ్గర ఉలిక్కిపడి లేచాడు. రెండింటికి నాకు టీ తెచ్చిచ్చింది ఆయనే.

"రమణన్నా, జల్దీ బండి తియ్! మా తమ్ముణ్ణి కొడుతున్నరు!"

ఆయన కదల్లేదు.

"మేడం... మీరెప్పుడొచ్చిన్రు? పొద్దుగాల నుంచి తాళం నా దగ్గరనే ఉంది. లోపల ఎవ్వరు లేరు."

రమణ నా ముఖం చూడటం లేదు. నా కుడి చెయ్యి చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు.

పిడికిలి బిగుసుకుపోయి ఉంది. ఎడమ చేత్తో ఒక్కో వేలూ విప్పాను. లోపల వెంట్రుకలు... పొట్టివి, నెత్తురుతో తడిసినవి.

తమ్ముడు నిన్ననే కటింగ్ చేయించుకున్నాడు.