సుంకం కట్టని ఐదు బిళ్ళలు

ఆరింటికల్లా ఖున్‌షాన్ దుకాణం వెనక గోడౌన్ ఊడ్చి వచ్చి, చేప గంజి ముందు కూర్చున్నాడు. ఆ గోడౌన్‌లో సరుకు దిగి మూడేళ్ళవుతోంది. ఊడవడానికి దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా మానడు. భార్య సియులీ చెప్పీ చెప్పీ విసిగి, ఇప్పుడు చీపురు అరిగినప్పుడల్లా మాట్లాడకుండా కొత్తది కొనిపెట్టేస్తోంది.

రేవు పట్నం కావ్‌షుంగ్‌లో ఎండు సరుకుల వీధిలో వాళ్ళది నలభై ఏళ్ళ దుకాణం. ఆల్చిప్ప మాంసాన్ని ఎండబెట్టి చేసిన బిళ్ళలు జపాన్ నుంచి తెప్పించి అమ్ముతారు. ఖున్‌షాన్ పద్ధతి ఒకటే. ఓడ వచ్చిన రోజే మొత్తం సుంకం కట్టేసి, సరుకు తన తాళం కిందికి తెచ్చుకోవాలి. ఏటా చేతిలో ఉన్నదంతా అలా సుంకానికే పోయేది. కొత్త సంవత్సరం బేరాలు మొదలయ్యేదాకా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని ఉండేవారు.

కూతురు పెయ్‌జుంగ్ వ్యాపారం చేతికి తీసుకున్నాక అది మార్చేసింది. ఇప్పుడు సరుకంతా రేవు పక్కన కస్టమ్స్ జోన్‌లోనే ఉంటుంది. అమ్ముడైనంత బయటికి తీస్తారు, తీసినదానికే సుంకం కడతారు. నచ్చకపోతే వచ్చిన దారినే తిప్పి పంపొచ్చు, దానికి పైసా సుంకం ఉండదు. మొదట్లో పెయ్‌జుంగ్ ఇదంతా వివరిస్తే ఖున్‌షాన్ బాగానే ఉందన్నాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దాయనకు విశ్రాంతి ఇచ్చామనుకున్నారు. అడగకపోవడమూ విశ్రాంతీ ఒకటే అనుకోవడం పిల్లలకు అలవాటే.

ఆ రోజు విదియ. ప్రతి నెలా విదియనాడు, పున్నమి మర్నాడు ఆ వీధి వ్యాపారులంతా కొట్లను కాచే భూమిదేవుడికి నైవేద్యం పెట్టుకుంటారు. కొత్త సరుకులో మొదటి గుప్పెడు దేవుడి ముందు పెట్టకుండా ఖున్‌షాన్ ఎన్నడూ ఒక్క బిళ్ళ అమ్మలేదు. ఈ మధ్య సరుకు జోన్ నుంచి తిన్నగా కొన్నవాళ్ళ లారీల్లోకే వెళ్ళిపోతోంది, ఇంటి గడప తొక్కడం లేదు. సియులీ పక్క కొట్లో కొన్నవి పెడుతుంటే అతనికి మనసొప్పేది కాదు. ఆ ఉదయం కొత్త సరుకుకు చీటీలు అతికించే పని ఉందని కూతురు బయలుదేరుతుంటే, తనూ వస్తానన్నాడు. ఒక్కపూటకేగా అని ఆమె పాస్ రాయించి వెంట తీసుకెళ్ళింది.

మధ్యాహ్నం ఇద్దరూ తిరిగి వచ్చారు. ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. గేటు దగ్గర తనిఖీలో ఖున్‌షాన్ చొక్కా జేబులోంచి ఐదు బిళ్ళలు బయటపడ్డాయట. ఆమె రెండు గంటలు నిలబడి సంజాయిషీ రాసిచ్చింది. ఈసారికి హెచ్చరికతో వదిలారు. మళ్ళీ జరిగితే అక్కడ సరుకు ఉంచుకునే అనుమతే పోతుందన్నారు.

సియులీ అన్నం వడ్డించింది. ఎవరూ చేయి పెట్టలేదు.

"నా సరుకు నా జేబులో పెట్టుకుంటే దొంగనయ్యానా?" అన్నాడు ఖున్‌షాన్.

"సుంకం కట్టేదాకా అది ఇంకా ఈ దేశంలోకి రానట్టే లెక్క నాన్నా. గేటు దాటిందంటే దొంగసరుకే. ఐదు బిళ్ళలైనా ఒకటే, ఐదు కంటెయినర్లైనా ఒకటే."

"దేవుడి కోసం తీశాను."

"దేవుడికి కూడా కాగితం రాయించాలి అక్కడ." పెయ్‌జుంగ్ నుదురు రుద్దుకుంది. "నాకు ఓపిక లేదు నాన్నా. నువ్వింక అక్కడికి రావద్దు."

సియులీ గరిటె గిన్నెలో వదిలేసి, తండ్రితో మాట్లాడే తీరు ఇదేనా అని కూతురి మీద కసురుకుంది. ఖున్‌షాన్ చేయి ఊపి ఆమెను ఆపాడు.

"రానులే. కానీ ఆ సరుకు అమ్మకు. బాగాలేదు."

మంచిదేనని పరీక్ష కాగితం వచ్చిందని పెయ్‌జుంగ్ అంది. రేపు మూడో వంతు బయటికి తీయాలి, సుంకం కట్టడానికి అన్నీ సిద్ధం చేసింది.

"కాగితం కొరికి చూడలేదుగా. పైనవి ఐదు జేబులో వేసుకున్నాక, నేను పెట్టె అడుగు నుంచి ఒకటి తీసి కొరికాను. చెమ్మ తగిలింది, లోపల ముక్కిన వాసన. అది కడుపులోకి పోయింది కాబట్టి గేటు దగ్గర దొరకలేదు."

"అక్కడే చెప్పొచ్చుగా?"

"ఎవరికి చెప్పను? నువ్వు ఫోన్‌లో ఉన్నావు. మూడేళ్ళయింది, సరుకెలా ఉంది నాన్నా అని ఒక్కసారి అడిగావా నన్ను?"

పెయ్‌జుంగ్ మనసులో లెక్క వేసుకుంది. నిజంగా ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడు సుంకం కట్టడం ఆపించింది. నమూనాలు తీయడానికి పద్ధతి ప్రకారం అనుమతి తీసుకుని, ఈసారి పెట్టెల అడుగుల నుంచి తీయించింది. నాలుగో రోజుకు జవాబు వచ్చింది. సగం పెట్టెలకు చెమ్మ పట్టింది. పంపినవాళ్ళు సరుకు వెనక్కి తీసుకుని మార్చి ఇస్తామన్నారు. సరుకు ఇంకా జోన్‌లోనే ఉంది కనుక సుంకం గొడవే లేదు.

ఈ మాట చెప్పడానికి ఆమె వెనక గోడౌన్‌కు వెళ్ళింది. ఖున్‌షాన్ అంతా విన్నాడు కానీ మెచ్చుకోలుకు పొంగిపోలేదు. మెల్లగా బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు.

"నువ్వు చదువు మానేసిన ఏడాది కూడా ఇలాంటి సరుకే వచ్చింది. అప్పుడూ కొరికాను. కొరకగానే తెలిసింది. కాకపోతే అప్పటికే మొత్తం కట్టేసి, సరుకు ఇక్కడికి తెచ్చేసుకున్నాను." ఖాళీ గోడౌన్‌ను ఒకసారి కలయజూశాడు. "నా తాళం, నా గోడౌన్ అనుకున్నాను. నీ ఫీజు అందులోనే పోయిందమ్మా. కట్టకముందు కొరికే చోటు ఒకటి ఉందని ఇరవై ఏళ్ళ కిందట నాకు తెలిసుంటే, నిన్ను కొట్లో కూర్చోబెట్టేవాణ్ణి కాదు."

పెయ్‌జుంగ్ ఆ సంగతి తండ్రి ముందు ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకపోతే ఆయన మర్చిపోతాడనుకుంది. ఆయన ఇన్నేళ్ళూ దాన్ని ఒంటరిగా మోస్తూనే ఉన్నాడు. ఆమె కూడా పక్కనే నేల మీద కూలబడి, చొక్కా భుజానికే కళ్ళు తుడుచుకుంది.

"గురువారం ఇంకో కంటెయినర్ దిగుతుంది నాన్నా. నమూనా తీసేవాళ్ళ పేరు రాయమన్నారు, నీ పేరు రాశాను. కాగితాలు నేను చూసుకుంటాను. కొరికి చెప్పడం నాకు చేతకాదు. నువ్వు రావాలి."

ఖున్‌షాన్ పెట్టె మీంచి లేచాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఎన్నింటికి బయలుదేరాలి?"