పదిహేడో రిఫరెన్స్

“మీ అక్కగారికి సైటేషన్లెన్ని?” అడిగాడు చీఫ్.

“పదకొండు వేల నాలుగు వందల రెండు,” అంది తూనీగ, తడుముకోకుండా. “పోయిన మంగళవారం ఒక్కరోజే ఆరు వందల పద్నాలుగు పెరిగాయి సార్.”

చీఫ్ కళ్ళజోడు తీశాడు. “అది కనిపెట్టడానికి మన కంప్యూటర్లకి వారం పట్టింది.”

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అక్క పేజీ తెరిచి ఆ అంకె చూసుకోవడం తూనీగకు ఎనిమిదేళ్ళ అలవాటు. ఒకరి పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో పేర్కొంటే ఒక సైటేషన్. మాలిక్యులర్ బయాలజీలో అక్కవి నూట నలభై పేపర్లు. తూనీగది ఒక్కటే, సైటేషన్లు సున్నా. అది అచ్చేసిన జర్నల్ కూడా ఏడాది తిరక్కుండా మూతపడింది. ఆ సున్నా చూడలేకే ల్యాబ్ వదిలి గూఢచారి శాఖలో చేరింది. ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఆమె బీమా ఆఫీసులో గుమాస్తా. “అక్కని చూసి నేర్చుకోవే,” అంటుంది అమ్మ, ఇప్పటికీ.

“ఆ ఆరు వందల పద్నాలుగూ దొంగవి,” అన్నాడు చీఫ్. “ఒక విదేశీ ముఠా ఉత్తుత్తి పేపర్లు అచ్చేయించి, అన్నిట్లో ఆవిడని సైట్ చేయించింది.”

తూనీగకు లోలోపల హాయిగా అనిపించింది. సిగ్గు కూడా వేసింది గానీ, కాస్త ఆలస్యంగా.

“ఎందుకు సార్?”

“బ్లాక్‌మెయిల్. కొత్త టీకాకి మూలమైన కణాల సీసా ఇమ్మంటారు. ఇవ్వకపోతే సైటేషన్లు కొనుక్కుందని లోకమంతా చాటుతారు. ఇవాళ పదకొండింటికి, ఆవిడ ల్యాబ్‌లోనే. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది, ఎడిటర్ అంటాం. కోడ్ ‘ఫ్రీజర్ మూలుగుతోందా?’ జవాబు ‘ఎండాకాలం మాత్రమే.’ సొంత అక్క కదా, వేరేవాళ్ళని పంపనా?”

“వద్దు సార్. నేనే వెళ్తాను.”

అక్క మొహం వాడిపోవడం ఒక్కసారైనా కళ్ళారా చూడాలి.

పది నలభై. నీలం యూనిఫాం, టోపీ, మాస్కు. ఫ్రీజర్ మెకానిక్ వేషంలో తూనీగ ల్యాబ్ వరండాలో నిలబడింది. టూల్ బాక్స్ అడుగున ఫోన్ సిగ్నల్‌ని చంపేసే జామర్ ఉంది.

పట్టు స్కార్ఫ్, ల్యాబ్‌లో ఎవరూ వేసుకోని ఎత్తు మడమల చెప్పులు, మనిషి కన్నా ముందే వచ్చే సెంటు వాసన. ఎడిటర్.

“ఫ్రీజర్ మూలుగుతోందా?”

“ఎండాకాలం మాత్రమే.” ఎడిటర్ నవ్వి ఒక కాగితాల కట్ట అందించింది. “దొంగ పేపర్లు. సాక్ష్యం. ఇక్కడే కాపలా ఉండు, లోపల సంగతి నేను చూసుకుంటా.”

తలుపు మూసుకుంది. అక్కని ఎంతలా పొగిడారో చూద్దామని తూనీగ కట్ట విప్పింది. మొదటిదాని రిఫరెన్సుల్లో అక్క తొలి పేపర్, పేజీ 241. రెండోదాంట్లోనూ 241. పదోదాంట్లోనూ అంతే.

తప్పు. అసలు పేజీ 214.

ఆ తప్పు ఆమెకు బాగా తెలుసు. తన ఒక్కగానొక్క పేపర్లో, పదిహేడో రిఫరెన్స్‌గా, అక్క పేరు పళ్ళు కొరుక్కుంటూ టైప్ చేసినప్పుడు దొర్లిన తప్పు అది. ఆ పేపర్‌కి మిగిలిన కాపీ ఒక్కటే, శాఖలోని తన ఫైల్లో. ఆ ఫైల్ చూసే వీలు ఇద్దరికే ఉంది. చీఫ్‌కి, ఎడిటర్‌కి. ముఠాతో కలిసి ఉన్నది ఎడిటరే.

తూనీగ జామర్ నొక్కి, బయట కాచుకున్న శాఖవాళ్ళకి సైగ చేసి, తలుపు సందులోంచి చూసింది.

“ఒక్క నిమిషం ఉంది డాక్టర్‌గారూ,” అంటోంది ఎడిటర్, ఫోన్ మీద బొటనవేలు పెట్టి. “సీసా ఇస్తారా, మెయిల్ పంపనా?”

మందపాటి గ్లవ్ తొడిగిన అక్క చేతిలో సీసా ఉంది. మొహం వాడిపోయింది. చూడాలనుకున్నది సరిగ్గా అదే. తను ఊరికే నిలబడితే చాలు, ముఠాకి సీసా ఇచ్చేసిందని అక్క పరువు పోతుంది, రేపటినుంచి ఆ అంకె చూసుకునే పనే ఉండదు.

తూనీగ నిలబడింది. ఐదు సెకన్లు. పది.

అక్క చెయ్యి ముందుకు చాపింది.

“అక్కా, ఇవ్వకు!”

మాస్కు లాగేసుకుని గదిలోకి దూసుకొచ్చిన మెకానిక్‌ని చూసి అక్క నోరు తెరిచింది. “నువ్వా! బీమా ఆఫీసన్నావు కదే!”

“తర్వాత చెప్తా. నీ తొలి పేపర్ ఏ పేజీ?”

“రెండొందల పద్నాలుగు.”

“నిద్రలో లేపి అడిగినా చెప్తావు. ఈ దొంగ పేపర్లన్నిట్లో 241 ఉంది. నువ్వే రాయించుకుంటే సొంత పేజీ తప్పు రాయిస్తావా? ఈవిడ నా ఫైల్లో ఉన్న నా పేపర్లోంచి ఎత్తి రాసింది.”

ఎడిటర్ వేలు ఫోన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. మెయిల్ కదల్లేదు. ఆమె తలుపు వైపు తిరిగేసరికి అక్కడ శాఖవాళ్ళున్నారు.

అక్క సీసాని ఫ్రీజర్లో పెట్టి, గట్టిగా తలుపు మూసి, చెల్లెలి వైపు తిరిగింది. “ఇంతకీ నా పేజీ నంబరు తప్పు రాశావన్నమాట.”

“కుళ్ళుతో రాశాను. అమ్మకి చెప్పకు.”

బేడీలతో వెళ్తున్న ఎడిటర్‌కి తూనీగ అడ్డం నిలబడింది. ఆమె గొంతులో కోపం అసలైనది.

“ఆరు వందల పద్నాలుగు పేపర్లకి నా దాంట్లోంచే కాపీ కొట్టావు. ఒక్కదాంట్లోనైనా నన్ను సైట్ చేస్తే నీ సొమ్మేం పోయేది?”