నీలం పట్టా కింద బండి

ఆదివారం పొద్దున్నే రిముయ్ చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు, కొడుకు బండి తుడవడం. వసారాలో నీలం పట్టా తీసి, ట్యాంకు మీద తడిగుడ్డ వేసి, అద్దాలు రెండూ మెరిసేదాకా రుద్దేది. తర్వాత కిక్కు కొట్టి, ఆ చప్పుడు కాసేపు విని, ఆపేసి మళ్ళీ పట్టా కప్పేది. తైవాన్ నడికొండల్లోని ఆ తయాల్ తెగవాళ్ళ పల్లెలో మూడేళ్లుగా ఈ తంతు చూసీ చూసీ ఇరుగుపొరుగు నవ్వడం కూడా మానేశారు.

కొడుకు సిలాన్ బతికున్నప్పుడు ఆ చప్పుడే ఆమెకు గడియారం. తైచుంగ్ పట్నం నుంచి సెలవుకు వస్తూ వాడు కింది మలుపు తిరగ్గానే ఆమె ఎసరు పెట్టేది. వాడు గుమ్మంలో అడుగుపెట్టేసరికి అన్నం ఉడికి ఉండేది. ఆ పట్నంలోనే, కడుతున్న భవనం మీది నుంచి పడి వాడు పోయాడు. బండి మాత్రం ఎవరిదో లారీలో ఇంటికొచ్చింది.

"అమ్మా, ప్రార్థనకి ఆలస్యమవుతోంది. నీ బండి ఎక్కడికీ పారిపోదులే," అంది కూతురు యాయుత్ గుమ్మంలోంచి. కింద మైదానంలో బళ్ళు బాగుచేసే షెడ్డులో పనిచేస్తుందామె. బేరిపళ్ళ కోతకని సెలవు పెట్టి వచ్చింది.

"పారిపోయేది బండి కాదే, మీ నాన్న. తోట వైపు పోనివ్వకు. మొన్న పడ్డ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది."

భర్త హయుంగ్ మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ చెవిటివాడిలా కూర్చున్నాడు. తుఫానుకి చరియ విరిగి తోట దారిని మింగేసింది. ఇప్పుడక్కడ మిగిలింది మనిషి పట్టేంత కాలిబాట. ట్రక్కు పోదు. చెట్ల మీద పళ్ళు ముగ్గిపోతున్నాయి. ఆగలేక ఆయన బుట్ట వీపుకి తగిలించుకుని వెళ్ళి, సగం దారిలో జారి, పాకుతూ ఇల్లు చేరాడు. అయినా రేపు మళ్ళీ వెళతానంటాడు. ఆ తోట పోయాక తానుండి ఏం లాభమని ఆయన దిగులు.

రిముయ్ గొడుగు వేసుకుని మలుపు దాటగానే తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మొదలుపెడదామా నాన్నా?"

"అంతా బిగించి బండి నిలబెట్టేలోపు మీ అమ్మ వచ్చిందంటే, బండితోపాటు నన్నూ విప్పి పారేస్తుంది."

"అయిపోయాక చూస్తే తిట్టి ఊరుకుంటుంది. ముందే అడిగితే ముట్టుకోనివ్వదు."

యాయుత్ అద్దాలు, ఇండికేటర్లు, ముందు మడ్‌గార్డు ఊడదీసింది. బురదలో పడితే ముందు విరిగేవి అవే. సైలెన్సర్ కింద ఉంటే రాళ్ళకి కొట్టుకుంటుందని పైపు కోసి, సీటు పక్కకి ఎత్తి కట్టింది. పక్కింటివాళ్ళ పాడైపోయిన కొండబండి నుంచి పొడవాటి షాకబ్జర్లు, గట్లు గట్లుగా ఉన్న టైర్లు తెచ్చి బిగించింది. రోడ్డు బండిని కొండబండిగా మార్చడం ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. కాకపోతే ఒక నట్టు తుప్పుపట్టి మొరాయించింది. దానితోనే పొద్దెక్కింది. ఆ తర్వాత వెనక చక్రం దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

"గొలుసు పట్టే ఈ పళ్ళచక్రం, ఈ స్ప్రాకెట్, చిన్నది నాన్నా. రోడ్డు మీద ఉరకడానికే పనికొస్తుంది. బుట్టలేసుకుని చరియ ఎక్కాలంటే దీనికి రెట్టింపుది కావాలి. పక్కింటివాళ్ళదేమో అరిగి అట్టముక్కయిపోయింది."

"కొత్తది?"

"ఈ మోడలే ఆగిపోయింది. ఎక్కడని వెతకను?"

అప్పుడే వసారా ముందు గొడుగు కిందపడిన చప్పుడైంది. రిముయ్ నేలమీద ఉన్న అద్దాన్ని చూసింది. కోసిన పైపుని చూసింది. ఆమె కేకలు వేస్తుందనుకున్నారు. మెల్లగా వంగి అద్దం తీసుకుని చొక్కా అంచుతో తుడిచింది.

"ఎవర్నడిగి ముట్టుకున్నారు?"

"నేనే రిముయ్," అన్నాడు హయుంగ్. "పిల్లనేమీ అనకు."

"వాడి కత్తి వాడితో పెట్టెలో పెట్టేశావు. కోటు పెట్టేశావు. చెప్పులు కూడా ఉంచలేదు. మన పెద్దల పద్ధతన్నావు, సరేనన్నాను. ఇదొక్కటే గోతిలో పట్టక నాకు మిగిలింది. దీన్నీ చంపేశారా?"

"చంపడమేంటమ్మా! పట్టా కింద పెట్టి నువ్వు చేస్తున్నదేంటి? గోతిలో పట్టలేదని గుమ్మంలో పూడ్చిపెట్టావు!"

"నోర్ముయ్! నీకేం తెలుసే! ఇప్పుడు కిక్కు కొడితే వచ్చేది వాడి చప్పుడేనా? చెప్పు!"

యాయుత్‌కి కోపం తలకెక్కింది. "అన్న కూడా దీన్ని కొండబండి చేద్దామనే అనుకున్నాడు. నీకు తెలీదా? పట్నం వెళ్ళనని, తోట నేనే చూసుకుంటానని పెద్ద స్ప్రాకెట్ కొనుక్కొచ్చాడు. దారిలోనే ఎక్కడో పారేసుకున్నాడు పాపం. అది పోకపోతే వాడిక్కడే ఉండేవాడు!"

రిముయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"ఆ మాటెందుకన్నావే," అన్నాడు హయుంగ్.

ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. సాయంత్రం దాకా ముసురు పట్టింది. విప్పిన బండి వసారాలో తడుస్తూ ఉన్నా ఎవరికీ పట్టా కప్పబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో దుఃఖం మూడేళ్లుగా ఉన్నదే. ఆ రోజు దాన్ని తలా ఒక మూల పట్టుకుని కూర్చున్నారు.

తెల్లవారాక హయుంగ్ బుట్ట తీసి వీపుకి తగిలించుకున్నాడు. యాయుత్ అడ్డం నిలబడింది.

"పోనీవే. పడితే పడతాను."

"పడితే ఎవరు మోసుకొస్తారు?" అంది రిముయ్ వెనక నుంచి. ఆమె చేతుల్లో పాత తువ్వాలు మూట ఉంది. దానికి కొర్రగింజలు అంటుకుని ఉన్నాయి. తెచ్చి యాయుత్ ముందు విప్పింది. లోపల నూనె పూసిన పెద్ద స్ప్రాకెట్. ఒక్క పన్ను కూడా అరగలేదు.

"ఇది... ఎక్కడిదమ్మా?"

"కొర్రల జాడీ అడుగున పెట్టాను. అందులో చెయ్యి పెట్టేది నేనొక్కదాన్నే కదా." ఆమె తువ్వాలుకి అంటుకున్న గింజల్ని గిల్లింది. "దారిలో పోలేదే. వాడు నిద్రపోతుంటే సంచిలోంచి నేనే తీశాను. మీ నాన్నలా వాడి నడుమూ ఈ కొండకి అరిగిపోకూడదనుకున్నాను. పట్నంలో నీడ పట్టున బతుకుతాడనుకున్నాను. తెల్లారి ఇల్లంతా వెతికాడు. నేనూ వాడితో కలిసి వెతికాను."

హయుంగ్ బుట్ట దించి మెట్టు మీద కూలబడ్డాడు. యాయుత్ భయపడింది, తండ్రి చెయ్యెత్తుతాడేమోనని. ఆయన ఆ ఇనప చక్రాన్ని ఒళ్ళోకి తీసుకుని వేలితో దాని పళ్ళు తడుముతూ ఉండిపోయాడు.

"వాడు పారేసుకోలేదన్నమాట," అన్నాడు చివరికి.

"లేదు."

"ఇంత ఇనప ముక్క జాగ్రత్త చేసుకోలేనివాడివి, నువ్వు తోటేం చూస్తావురా అన్నాను వాణ్ణి. పో, పట్నంలో ఇటుకలు మోసుకో పో అన్నాను. వాడు తలొంచుకుని బండెక్కాడు. ఆ మాట నీకు చెప్పలేదు. వాణ్ణి నేనే పంపానని మూడేళ్లుగా..."

రిముయ్ ఆయన పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ అదిమిపెట్టుకున్నదంతా గొంతెత్తి ఏడ్చింది. ఇద్దరూ ఒకే పాపాన్ని ఎవరికి వారు ఒంటరిగా మోశారు. ఒకే పక్క మీద పడుకుంటూ కూడా.

యాయుత్ లోపలికెళ్ళి కొర్రల కల్లు వెదురు గిన్నెలో పోసుకొచ్చింది. ఆ తెగలో తగువు తీరినవాళ్ళు చెంపకి చెంప ఆనించి ఒకే గిన్నెలో ఒక్కసారే తాగాలి. సిలాన్ పోయినప్పటి నుంచి వాళ్ళిద్దరూ అలా తాగింది లేదు. ఇద్దరి చేతులూ గిన్నె పట్టుకున్నాయి. సగం కల్లు మెడల మీదికే ఒలికింది. చెంపల మధ్య తడి ఎవరి కన్నీళ్ళదో వాళ్ళకే తెలియలేదు.

"తాగడం కూడా మరిచిపోయావు ముసలాడా," అంది రిముయ్ ముక్కు తుడుచుకుంటూ. తర్వాత కూతురితో, "బిగించు. నాన్నని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళు. నిదానంగా పో," అంది.

"ఈ స్ప్రాకెట్‌తో ఉరకమన్నా ఉరకదమ్మా."

మబ్బు ఇంకా విడలేదు. వాళ్ళు వెళ్ళాక రిముయ్ నీలం పట్టా మడిచి మూల పెట్టి, వసారాలో కూర్చుంది. చాలాసేపటికి తోట వైపు నుంచి బండి దిగుతున్న చప్పుడు వినపడింది. బొంగురుగా, ఆగి ఆగి, బరువుగా వస్తోంది. అందులో సిలాన్ చప్పుడు ఎక్కడైనా ఉందేమోనని చెవులు రిక్కించి వింది. ఎక్కడా లేదు. వాడిక రాడు.

కళ్ళు తుడుచుకుని లేచింది. చప్పుడు మలుపు తిరిగేలోపు లోపలికెళ్ళి ఎసరు పెట్టింది.