కోల్యివో అనే మాట

తండ్రిని చంపాడని అన్నను ఉరి తీయబోతున్నారని చెప్పుకోవడానికి దెసాంకా డిటెక్టివ్ స్పాసోయె దగ్గరికి వచ్చింది. ఆయన సహాయకుడు ఊరోష్ కుర్చీ జరిపినా ఆమె కూర్చోలేదు.

ఆమె తండ్రి వికెంతియె, రుమేనియా సరిహద్దున ఉన్న సెర్బుల పట్టణం వర్షాట్స్‌లో పేరున్న నిఘంటుకారుడు. దేవదూత మిఖాయిల్ పండగ మధ్యాహ్నం, బల్ల ముందు కూర్చున్న మనిషిని రొట్టెలు కోసే కత్తితో పొడిచేశారు. కాసేపటి ముందే కొడుకు నెస్తోర్ ఆయనతో గొడవపడి వీధిలోకి వెళ్ళాడు. పోలీసులకు అంతే చాలు. వారం తిరక్కుండా నేరం ఒప్పుకున్నాడన్నారు.

"మా అన్న కోడిని కోయాలన్నా నన్నే పిలుస్తాడయ్యా," అంది దెసాంకా.

తండ్రికి పడనివాళ్ళెవరని స్పాసోయె అడిగితే, నిఘంటువు పనిలో ఆయనకు తోడున్న డాక్టర్ అర్కాదియె పేరు చెప్పింది. ఇద్దరి తగువూ ఒక్క మాట మీద. కోల్యివో అంటే సెర్బుల ఇళ్ళలో, ఇంటింటికీ వేరుగా ఉండే సొంత సెయింటు పండగకీ చావుకీ వండే తీపి గోధుమలు. రుమేనియావాళ్ళకు అది ముఖ్యంగా చావు వంట. పాత గ్రీకులో ఆ మాట చిల్లర నాణెం, అక్కణ్ణించి చిన్న మిఠాయి అయి మన గిన్నెలోకి వచ్చిందని వికెంతియె వాదన. కాదు, బలిలో గొంతు కోయడానికి సెర్బులు వాడే మాట నుంచే పుట్టిందని నిరూపించడానికి అర్కాదియె జీవితం ధారపోశాడు. ఆ శ్రమనంతా "పొరపాటు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసి వికెంతియె అచ్చుకు పంపబోయాడు. పొలం గట్ల కోసం తలలు పగలగొట్టుకునేవాళ్ళను మోటువాళ్ళంటాం. వీళ్ళు మాత్రం పండితులు.

అర్కాదియె చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ పూట రైతు మక్సిం ఇంటి పండగకు వెళ్ళానన్నాడు.

"గుమ్మంలోనే కోల్యివో పెట్టారు. శిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా తిన్నాను. ఆ రుచి ఇంకా నాలిక మీదే ఉంది."

మక్సింను అడిగితే, పండగకు పిలుపులుండవనీ, వచ్చినవాడల్లా చుట్టమేననీ, అంత జనంలో డాక్టరుగారూ వచ్చే ఉంటారనీ అన్నాడు. అతని భార్య లెపోసవా పళ్ళ మురబ్బా పెట్టి, పండగనాడు గుమ్మంలో అందరికీ ఇదే పెట్టానంది. కేసు గోడకు కొట్టుకుందని ఊరోష్ దిగులుపడ్డాడు. స్పాసోయె మాత్రం చెంచా నాకి, ఇంకొంచెం పెట్టమన్నాడు.

వికెంతియె ఇంట్లో జరిగే ఆయన నలభైవ రోజు ప్రార్థనకు స్పాసోయె అందర్నీ పిలిపించాడు. నెస్తోర్‌తో నేరం ఒప్పించిన ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. చచ్చినవాడి పేర వండిన గోధుమలు అందరికీ పంచారు. అర్కాదియె కూడా తిన్నాడు.

"మక్సిం ఇంట్లోదీ ఇలాగే ఉందా డాక్టరుగారూ?" అన్నాడు స్పాసోయె.

"ఇంకా తియ్యగా ఉంది."

స్పాసోయె లెపోసవా వైపు చూశాడు. ఆమె ముఖం మాడిపోయింది.

"మా ఇంట్లో కోల్యివోనా? మా పండగ మిఖాయిల్‌ది. ఆయన దేవదూత, చావెక్కడిది? బతికున్నవాడికి గోధుమలు వండితే ఇంటికి అరిష్టం. మా అత్త కాలంలోనూ వండలేదు."

"మీ ఇంటి సెయింటు నికోలా బతికి చనిపోయిన మనిషి, కాబట్టి మీ ఇంట్లో వండుతారు," అన్నాడు స్పాసోయె అర్కాదియెతో. "అందరూ వండుతారనుకున్నారు. ఆ గుమ్మం తొక్కి ఉంటే మురబ్బా రుచి చెప్పేవారు. మీరు వచ్చింది ఇక్కడికి. కొడుకు వెళ్ళేదాకా ఆగి, వెనక తలుపున దూరి, ఆ ఒక్క ముక్క కొట్టేయమన్నారు. ఆయన కొట్టేయలేదు."

అర్కాదియె చెంచా తుడిచి బల్ల మీద పెట్టాడు.

"నవ్వాడు. నా బతుకంతా చూసి నవ్వాడు. కత్తి దిగాకైనా, ఆ మాట కోతలోంచే పుట్టిందని ఒప్పుకుంటాడనుకున్నా."

"ఒప్పుకున్నాడా?" అంది దెసాంకా.

"లేదు."

సాయంత్రానికి నెస్తోర్‌ను వదిలేశారు. నాన్న పేర తినమని చెల్లెలు పళ్ళెం అందించింది. అతను చెయ్యి చాపలేదు. కుడిచేతి వేళ్ళు విరిగి వంకరగా అతుక్కుని ఉండటం ఊరోష్ అప్పుడు చూశాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

దెసాంకా చెంచాతో తినిపించింది. నెస్తోర్ నెమ్మదిగా నమిలి మింగి, ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"చెల్లీ, నాన్నని నేను చంపలేదు కదా?"