ఆపరేషన్ ఆరు గడపలు

ధన్‌సింగ్ శవం ఖమ్మంలో మున్నేరు వంతెన కింద దొరికినప్పుడు అతని కుడి పిడికిలి బిగుసుకుని ఉంది. డాక్టరు వేళ్లు ఒక్కొక్కటే విప్పితే లోపల నల్లటి పెన్‌డ్రైవ్ కనిపించింది. దాని మూత మాత్రం లేదు.

2008 ఆగస్టు. మర్నాడు పొద్దున మధిర స్టేషన్ పక్కన, మిర్చి బస్తాల గోడౌన్ వెనక గదిలో ఏజెంట్ కోటేష్ చీఫ్ ముందు నిలబడ్డాడు. చీఫ్ పేరు వెంకటప్పయ్య. చూసినవాళ్లు మిర్చి వ్యాపారి అనుకుంటారు. అలా అనుకోవడమే ఆయనకు కావాలి.

"ధన్‌సింగ్ నీ బ్యాచే కదా. కూర్చో."

కోటేష్ కూర్చోలేదు. ట్రైనింగ్‌లో ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు.

"సరే, నిలబడే విను," అన్నాడు చీఫ్. "ఆ పెన్‌డ్రైవ్‌లో ఒకే ఒక ప్రోగ్రాం ఉంది. విదేశీ ముఠా పంపింది. దాన్ని ఎవరూ తెరవక్కర్లేదు, ఏ బటనూ నొక్కక్కర్లేదు. కంప్యూటర్‌కి తగిలిస్తే చాలు, ఆటోరన్ దాన్ని నిద్రలేపుతుంది. ఇలాంటిదే ఇంకోటి బయట తిరుగుతోంది."

"టార్గెట్?"

"భద్రాచలంలో వరద అంచనా కేంద్రం. ఎగువ నుంచి వచ్చే నీటి మట్టాలన్నీ అక్కడ ఒక్క మిషన్‌లోనే వేస్తారు. రేపటికి గోదావరి ఎన్ని అడుగులు వస్తుందో అదే చెబుతుంది. యాభైమూడు దాటుతుందంటే మూడో హెచ్చరిక. సైరన్ మోగుతుంది, లారీలు వెళతాయి, పల్లపు ఊళ్లు ఖాళీ అవుతాయి. ఈ ప్రోగ్రాం ఎక్కిందంటే ఆ మిషన్ పది అడుగులు తగ్గించి చెబుతుంది. సైరన్ మోగదు."

"దానివల్ల వాళ్లకేం లాభం సార్?"

"ట్రయలయ్యా. ఇక్కడ పనిచేస్తే ప్రపంచంలో ఏ డ్యాం మీదికైనా అమ్ముకుంటారు. అడవి అంచు, పేద జనం, పోతే అడిగేవాడు ఉండడని మనల్ని ఎంచుకున్నారు."

కోటేష్ అప్పుడు కూర్చున్నాడు. భద్రాచలం కరకట్ట అవతలి పల్లంలో ఒక తండా ఉంది. అతని అక్క సోమ్లి, బావ, ముగ్గురు పిల్లలు అక్కడే ఉంటారు.

"తెలుసు," అన్నాడు చీఫ్, అతని మొహం చూసి. "అక్కకి ఒక్క ముక్క చెప్పావో, కవర్ పోతుంది. నువ్విప్పుడు యాంటీవైరస్ కంపెనీ ఇంజనీరువి. అక్కడ మన మనిషి నీకు తోడుంటుంది."

ఇచ్చిన సరంజామా గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కెమెరా ఉన్న వాచీ పాల్వంచ చేరేలోగా చెమ్మకు ఆగిపోయింది. బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ ఉంది కానీ, భద్రాచలంలో సిగ్నల్ లేదు కనక అది ఉత్త బూటే.

సోమవారం ఆఫీసు మెట్ల మీద ఒకామె నల్ల కళ్లద్దాలు తీసి అతన్ని పరీక్షగా చూసింది. ఇంత బురదలోనూ ఆమె చెప్పుల మీద మరక లేదు. పేరు ఉదయశ్రీ. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ అని అందరికీ తెలుసు. తమ గూఢచారి బ్యూరో ఏజెంట్ అని కోటేష్ ఒక్కడికే తెలుసు.

"మణుగూరులో ఎండ ఎలా ఉంది?" అందామె.

"గొడుగు వేసుకుంటే చలిగా ఉంది," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

ఆ రోజే పని మొదలుపెట్టాడు. వరద లెక్క కట్టే మిషన్ చిన్న గాజు గదిలో ఉంది. ముందు రెండు, వెనక నాలుగు, మొత్తం ఆరు యూఎస్‌బీ పోర్టులు. పెన్‌డ్రైవ్ పెడితే మిషన్ దాన్ని గుర్తించకుండా సెట్టింగ్ మార్చాడు. ఏ డిస్క్ పెట్టినా ప్రోగ్రాం తనంతట తాను లేవకుండా ఆటోరన్ ఆపేశాడు. రెండు తాళాలు.

అటెండర్ పూలి చీపురు పట్టుకుని వెనకే నిలబడి చూస్తోంది. "ఏం జేస్తున్నవ్ సార్?"

ఆమె మాటలోని తండా యాస అతనికి సొంత ఇంటి యాస. తమ భాషలో పలకరించాలని నాలుక దాకా వచ్చింది. కవర్ గుర్తొచ్చి మింగేశాడు.

"గీ బొక్కలున్నయ్ చూడక్కా, గిందులకెల్లి దయ్యం వస్తది. తలుపులేస్తున్న."

"అవ్! ఆరు గడపలా దానికి?" అంది పూలి, బుగ్గ మీద వేలు పెట్టుకుని.

ఆమె గడప అనడంలో వింతేం లేదు. ప్రతి శుక్రవారం ఆఫీసు గడపకు పసుపు రాసి, బీరువాలకూ మిషన్లకూ బొట్లు పెట్టేది ఆమే. కీబోర్డు మీద కుంకుమ చూసి కోటేష్ అప్పుడే ఒకసారి విసుక్కున్నాడు కూడా.

రెండు తాళాలూ మూడు రోజులే నిలిచాయి. గురువారం పొద్దున ఆఫీసర్ జయప్రకాశ్ కేకేశాడు.

"ఏమయ్యా, నా పెన్‌డ్రైవ్ తెరుచుకోదేం? మనవరాలి బారసాల ఫోటోలున్నాయి అందులో."

"సెక్యూరిటీ సార్. పెన్‌డ్రైవ్‌లు బంద్ పెట్టిన."

"రేపు సాయంత్రం సెక్రటరీ గారు వస్తున్నారు. మన ప్రజెంటేషన్ సీడీ పెట్టగానే పాటతో సహా దానంతటదే మొదలవ్వాలి. అదీ ఆపేశావా?"

"ఆటోరన్ ఉంటే వైరస్ కూడ గట్లనే లేస్తది సార్. ఒక్క వారం ఆగుండి."

"నీ వైరస్ కోసం సెక్రటరీ గారిని ఆపమంటావా? తియ్యి! ఆరు పోర్టులూ తియ్యి. లేదంటే నీ కంపెనీని బ్లాక్‌లిస్ట్‌లో పెడతా."

కోటేష్ బయటికి పరుగెత్తి, గోదావరి గట్టెక్కి, ఫోను చెయ్యెత్తి పట్టుకుంటే ఒక్క గీత సిగ్నల్ దొరికింది. చీఫ్ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "ఆఫీసర్‌తో... గొడవొద్దు... రాతపూర్వకంగా..." ఆ తర్వాత గీత కూడా పోయింది.

ఎదురుగా నది ఎర్రగా పొంగుతోంది. అవతల వానలో తండా పొగ సన్నగా కనిపిస్తోంది. అక్క ఈపాటికి పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తుంటుంది. కేక వేస్తే వినిపించేంత దూరం కాదు. వినిపించినా వేయడానికి లేదు. తన చేతులు తనవి కానట్టు అనిపించి కోటేష్‌కు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చి, వేసిన తాళాలు తానే తీశాడు.

"తలుపులు తీసినవా సార్?" అంది పూలి.

"పెద్దసార్ తియ్యమన్నడు. నేనేం జేస్త అక్కా."

"మరి దయ్యమొస్తే?"



శుక్రవారం సాయంత్రం, ఆరుకు పది నిమిషాలుంది. గోదావరి నలభై తొమ్మిది అడుగులు. రెండో హెచ్చరిక ఇచ్చి మూడు గంటలైంది. ఆరింటికి రేపటి అంచనా రావాలి. సెక్రటరీ వస్తున్నాడని సిబ్బందంతా హాల్లో ఉన్నారు. ఈ మిషన్‌లో పెట్టిన సీడీ తీగ గుండా హాల్లోని తెర మీద ఆడుతోంది, ఆ పాట ఇక్కడికి వినిపిస్తోంది. గాజు గదిలో కోటేష్, ఉదయశ్రీ ఇద్దరే ఉన్నారు.

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారు తాళాలు తీసి బల్ల మీద పడేసింది. గుత్తికి ఒక నల్లటి ప్లాస్టిక్ మూత వేలాడుతోంది.

కోటేష్ ఆ మూతనే చూశాడు. ధన్‌సింగ్ పిడికిలి గుర్తొచ్చింది.

"చూసేశావా?" అంది ఉదయశ్రీ. రుమాలు కింద నుంచి చిన్న పిస్టల్ అతని గుండెకు గురిపెట్టింది. "జ్ఞాపకంగా ఉంచుకున్నా. నా తప్పే. చేతులు బల్ల మీద పెట్టు. అరిస్తే ముందు నువ్వు, తర్వాత ఆ అటెండర్."

"గా పల్లంల పిల్లలున్నరు."

"నా రిపోర్ట్‌లో వాళ్లంతా ఒక నంబర్, కోటేష్. ఎనిమిది వేలు."

కోటేష్ చేతులు బల్ల మీద పెట్టాడు. ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, పెన్‌డ్రైవ్ ఉంది. తగిలిస్తే చాలు, మిగతా పని ఆటోరన్ చేసుకుంటుంది. ఆ తలుపు తీసింది తన చేతులే. ఆరు కావడానికి నాలుగు నిమిషాలుంది. సోమ్లీ, నన్ను క్షమించు అనుకున్నాడు. అంతకుమించి చేయగలిగిందేమీ కనిపించలేదు.

ఆమె వంగి ముందు పోర్టులో పెట్టింది. దూరలేదు. తిప్పి పెట్టింది. దూరలేదు. రెండోదాంట్లోనూ అంతే. మిషన్‌ను గిర్రున తిప్పి వెనక నాలుగూ ప్రయత్నించింది. గట్టిగా నొక్కితే గోరు విరిగింది.

"ఏంటిది?" అంది పళ్లు బిగించి. పెన్‌డ్రైవ్ మొన పచ్చగా అయింది.

ఆరు పోర్టుల నిండా పసుపు. గంధం కలిపి ముద్దచేసి, వేలితో లోపలికంటా కూరి, పైన ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పొద్దుటి నుంచి ఎండి గట్టిపడింది. మౌస్, కీబోర్డు గుండ్రటి పిన్నులవి కాబట్టి వాటి దారి వాటికుంది. మిషన్ నిక్షేపంగా నడుస్తోంది.

ఆమె పిన్నీసు తీసి గోకడం మొదలుపెట్టింది. ఒక పోర్టులో సగం పసుపు రాలింది. గోడ గడియారం ఆరు కొట్టింది.

ప్రింటర్ గర్రుమంది. కాగితం మీద అంకె పడింది. యాభైనాలుగున్నర. మరుక్షణం కప్పు మీద సైరన్ మొదలైంది. ఉదయశ్రీ ఉలిక్కిపడి తలెత్తింది. ఆ ఒక్క క్షణంలో కోటేష్ చేతులు మళ్లీ అతనివయ్యాయి. పిస్టల్ పట్టుకున్న మణికట్టును బల్లకేసి కొట్టాడు. కాగితం కోసం పరుగెత్తుకొచ్చిన సిబ్బందికి కోటేష్ పట్టులో ఉదయశ్రీ, నేల మీద పిస్టల్, దాని పక్కన పచ్చటి పెన్‌డ్రైవ్ కనిపించాయి.

తెల్లారేసరికి నది యాభైనాలుగు దాటింది. తండా మునిగింది. మనుషులు మునగలేదు. తండావాళ్లను ఉంచిన బడిలో చుట్టాలందరి మధ్య సోమ్లి పిల్లలకు అన్నం కలిపి పెడుతుంటే, కోటేష్ కిటికీ బయట నిలబడి చూసి, పలకరించకుండానే వెనక్కి వచ్చాడు. తమ్ముడు వచ్చిన సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఆఫీసులో పూలి కిటికీలు తుడుస్తోంది. "అక్కా, గా బొక్కలల్ల పసుపెందుకు పెట్టినవ్?"

"నువ్వే అంటివి గద సార్, దయ్యం వస్తదని. తలుపు పెద్దసార్ తీయిపించె. మరి గడపకు పసుపన్న రాయకపోతే ఎట్ల? కోప్పడుతవేమోనని నీకు చెప్పలే."

కోటేష్  రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పూలి సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మిషన్‌కు రక్షణగా వాడిన పరికరం పేరేమిటని బ్యూరో హెడ్డాఫీసు ఫారంలో ఒక గడి ఉంది. కోటేష్ 'పసుపు' అని రాసి పంపాడు. గంటలో ఫ్యాక్స్ వచ్చింది: "ఏ వెర్షన్?"

అది ఇంకా చేతిలో ఉండగానే గాజు గదిలోంచి జయప్రకాశ్ కేక వినిపించింది. "పూలీ! ఏంటీ ఖర్మ? నా పెన్‌డ్రైవ్ దూరట్లేదు! మధ్యాహ్నం లోగా ఇదంతా గోకేసి శుభ్రం చెయ్యి!"

పూలి పిన్నీసు తీసుకుని, కోటేష్ దగ్గర ఆగి గొంతు తగ్గించింది. "మళ్ల వచ్చే శుక్రవారం పెట్టాల్నా సార్?"

"శుక్రవారం దాక ఎందుకక్కా?" అన్నాడు కోటేష్. "పెద్దసార్ బువ్వకు పోంగనే పెట్టు."