ఐపీసులో వెంట్రుక

ఆ ఉదయం కోడలు టీలో పంచదార బదులు ఉప్పు వేసి, నాలుక కరుచుకుని పారబోసింది. ఆమె మనసు నేల మీద ఉంటే కదా! సాయంత్రం చంద్రుడు శనిగ్రహాన్ని కప్పేస్తాడు. తమ డాబా మీంచే చూడొచ్చు. పొద్దున లేచినప్పటి నుంచి ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి మబ్బులున్నాయేమోనని ఆకాశాన్ని తనిఖీ చేస్తూనే ఉంది.

ఆమె వీధి చివర కొట్లో బట్టలు కుడుతుంది. రోజంతా తల వంచుకునే పని కావడంతో తలెత్తి చూడాలన్న సరదా పట్టుకుందేమో, ఒక టెలిస్కోపు కొనుక్కుంది. దాంతో వచ్చిన ఐపీసు, అంటే కన్ను ఆనించి చూసే చిన్న గొట్టం, ఆమెకు నచ్చలేదు. పాత మైక్రోస్కోపుల ఐపీసులు ఇంకా తేటగా చూపిస్తాయని ఎవరో చెప్పడమే ఆలస్యం, పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టింది. టెలిస్కోపులో అవి వదులుగా ఊగుతాయని ఒక్కోదానికీ కొలత తీసి ఉన్నిగుడ్డ తొడుగు కుట్టింది. ఆమె దారపు రీళ్ల డబ్బాలో ఇప్పుడు దారాలకు చోటు లేదు.

"మైక్రోస్కోపు కిందికి చూడటానికమ్మా, పైకి చూడటానికా?" అని అత్తగారు ఎకసెక్కెం ఆడేది.

ఆవిడ ఉద్యోగమంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపు చుక్కలు చూడటంతోనే గడిచింది. వీధిలో అందరికీ ఆవిడ ల్యాబమ్మే. ల్యాబుకు కొత్తవి వచ్చినప్పుడు తన పాత మైక్రోస్కోపును అడిగి మరీ ఇంటికి తెచ్చుకుంది. ఆవిడ గదిలో, చెక్కపెట్టెలో ఉండే ఆ వస్తువును ముట్టుకునే ధైర్యం కన్నకొడుక్కి కూడా లేదు.

కోడలికి ఉంది. మొన్న అత్తగారు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన సమయం చూసి, దాని ఐపీసు ఊడదీసి, విప్పి, శుభ్రంగా తుడిచి, టెలిస్కోపులో పెట్టి చంద్రుణ్ణి చూసింది. బిలాల అంచులు కత్తెరతో కత్తిరించినట్టు ఉన్నాయి! ఈ సాయంత్రం ముచ్చట తీరాక ఎక్కడిదక్కడ పెట్టేస్తే సరి అనుకుంది.

"అమ్మాయ్!"

ఆ ఒక్క కేకతోనే సంగతి అర్థమైపోయింది. చేతిలో గరిటెతోనే పరుగెత్తింది. ల్యాబమ్మ ముందు చెక్కపెట్టె తెరిచి ఉంది.

"నా ఐపీసేదీ?"

"నా దగ్గరే ఉందత్తయ్యా. ఈ ఒక్క సాయంత్రానికని..."

"అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అడిగితే ఇచ్చేవారా?"

"ఇవ్వను! అందుకని దొంగతనం చేస్తావా?"

"అంత మాట అనకండి. ఎవరింట్లో తీశాను, మనింట్లోనేగా! మీరేమో పెట్టెలో దాచుకుంటారు. నేను దాంతో చంద్రుణ్ణి చూశానత్తయ్యా! ఒక్కసారి మీరు చూస్తే..."

"ముందు తెచ్చివ్వు."

తెచ్చి ఇచ్చింది. అంత తళతళలాడుతున్నందుకు మెచ్చుకుంటుందేమోనన్న ఆశ కూడా లేకపోలేదు. ల్యాబమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. తిప్పి మళ్లీ చూసింది. 

"ఇందులో వెంట్రుక ఉండాలి."

"అవునత్తయ్యా, ఎలా దూరిందో ఏమో, లోపలి అంచుకు అతుక్కుపోయి ఉంది. గోటితో గీకి పారేశాను."

ల్యాబమ్మ మంచం మీద కూలబడింది. ఆవిడ అరిస్తే కోడలికి భయం లేదు, తనూ అరవగలదు. కానీ ఆవిడ అరవలేదు.

"అది దూరలేదే. నేనే అతికించుకున్నాను. చూస్తే కణాల మధ్య నల్లగీతలా కనిపిస్తుంది, పక్కవాళ్లకు ఫలానా కణం ఇదీ అని చూపించడానికి మాకు అదే గడియారం ముల్లు లాంటిది. అందరూ తమ వెంట్రుకే పెట్టుకునేవాళ్లు. నేను నా పిల్లాడిది పెట్టుకున్నాను. వాడికి ఆర్నెల్లప్పుడు పనిలో చేరాను. పక్కింటామె చేతిలో పెట్టి వెళ్తుంటే వాడి ఏడుపు వీధి మలుపు దాకా వినిపించేది. రోజంతా వాడు నా కళ్ల ముందు ఉండాలని..."



తను చెత్త అనుకుని గీకి పారేసింది దేన్నో కోడలికి అప్పుడు తెలిసింది. అత్తగారి కాళ్ల దగ్గర చతికిలబడింది.

"తప్పయిపోయిందత్తయ్యా. తిట్టండి. నాలుగు దెబ్బలు వేయండి. ఇలా మాత్రం ఊరుకోకండి."

గుమ్మంలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన కొడుకు, బస్సు డ్రైవరు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, అంతా విన్నట్టే ఉన్నాడు. వచ్చి తల్లి ముందు తన బట్టతల వంచాడు.

"తీసుకోమ్మా. కాస్త చూసి పీకు, మిగిలినవే నాలుగు."

ఏడుపులోనే ల్యాబమ్మకు నవ్వొచ్చింది. వాడి చెవి పక్కన ఒక వెంట్రుకను వేళ్ల మధ్య పట్టి చూసి వదిలేసింది.

"చీపురుపుల్లలా తయారైంది. దీన్ని పెడితే నీ పెళ్లాం చూడాలనుకునే శనిగ్రహం దీని వెనకే దాక్కుంటుంది." తర్వాత కోడలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "నీ నుదుటి దగ్గర సన్నవి ఉన్నాయిగా. కదలకు."

"నాదా అత్తయ్యా?"

"మరెవరిది? ఇక నుంచి ఈ ఐపీసు వాడేది నువ్వేగా."

చురుక్కుమంది. అంత చిన్న నొప్పికి కోడలు వెక్కి వెక్కి ఎందుకు ఏడ్చిందో ఆమె భర్తకు అర్థం కాలేదు. ల్యాబమ్మ అప్పటికే కళ్లద్దాలు సర్దుకుని, పట్టుకారు అందుకుని, "నీ నెయిల్ పాలిష్ తే. ఏ రంగైనా పరవాలేదు, అతుక్కుంటే చాలు" అంటోంది.

చీకటి పడేవేళకు ముగ్గురూ డాబా మీద ఉన్నారు. మబ్బు తునక లేదు. కొడుకు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ "ఉందా? పోయిందా?" అని ప్రాణం తీస్తున్నాడు. ల్యాబమ్మ స్టూలు మీద కూర్చుని కన్ను ఆనించింది.

"అమ్మాయ్! దానికి నిజంగానే వలయం ఉందే!"

"చెప్పానా! చెప్పానా అత్తయ్యా!"

ల్యాబమ్మ వేళ్లు వాటంతట అవే టెలిస్కోపు మరలు వెతుక్కుని కొద్దికొద్దిగా తిప్పాయి. అంతలోనే ఆవిడ లేచి నిలబడింది.

"నువ్వు కూర్చో."

"అయ్యో, ఇప్పుడా! మీరే చూడండి, క్షణాల్లో పోతుంది!"

"నాకు చూపించడంలోనే సరదా. వెంట్రుక కొస దగ్గర చూడు, అక్కడే మాయమవుతుంది."

కోడలు కన్ను ఆనించింది. నల్లటి సన్నని గీత, దాని కొసకు ఆనుకుని బుల్లి వలయం.

"అంచు తగిలింది... సగం పోయింది... అత్తయ్యా, పోయింది! పూర్తిగా పోయింది!" గంతేసి అత్తగారిని వాటేసుకుంది. "కాసేపటికి అటువైపు నుంచి మళ్లీ బయటికొస్తుంది!"

ల్యాబమ్మ ఆమె చెంపల మీది ఆనందబాష్పాలు తుడిచి, భుజాలు పట్టి మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టింది.

"అయితే వెంట్రుక కొస అక్కడ పెట్టి ఉంచు. ఈసారి నువ్వు నాకు చూపించు."