ఊ కొట్టిన ఊరు

కుందవరం రాజ్యంలో పూర్వం ఒక వేడుక ఉండేది. సాయంత్రమైతే జనమంతా సావడిలో చేరేవారు. మాచయ్య కథ చదివేవాడు, తక్కినవాళ్ళు దాని మంచిచెడ్డల మీద గొంతులు పోయేలా వాదించుకునేవారు. ఆ గోలకు నిద్ర చెడిన కరాళుడనే గుట్ట రాక్షసుడు ఒకనాడు మండిపడి, మాచయ్యను రాయిగా మార్చేశాడు. అమావాస్య రాత్రి గడిచేలోపు శాపం తీరకపోతే ఆ రాయి ఇక ఎప్పటికీ రాయే. దాంతో జనం నోళ్ళు కుట్టేసుకున్నారు. రాజు సైతం మంత్రి ఏమన్నా తలాడించేవాడు.

మాచయ్య కూతురు కేతకికి ఒళ్ళు మండింది. ఎవరిని సాయమడిగినా "అవునమ్మా, పాపం" అనేవాడే గాని కదిలినవాడు లేడు. ఇక లాభం లేదని తనే అడవిదారి పట్టింది.

దారిలో ఒక ముని కనిపించాడు. "శాపం తీరాలంటే కరాళుడి దగ్గరున్న కథను ఊరందరి మధ్యా చదువు. అయితే చదవడం ఒక్కటే చాలదు తల్లీ."

"ఇంకేం చెయ్యాలి స్వామీ?"

ముని కళ్ళు మూసుకున్నాడు. ఎంత పిలిచినా తెరవలేదు. సరిగ్గా అవసరమైన చోట తపస్సులోకి జారుకోవడం మునులకు అలవాటే. కేతకి విసుక్కుంటూ ముందుకు నడిచింది.

మరికొంత దూరంలో పులి అడ్డం వచ్చింది. "నిన్ను తినడం నా ధర్మం. కాదంటావా?"

"కాదంటాను. ఇప్పుడే తిన్న జింక ఎముకలు నీ వెనకే ఉన్నాయి. ఆకలికి తింటే ధర్మం, ఊసుపోక తింటే ఏం ధర్మం?"

పులి ఆలోచనలో పడింది. "నాకు ఎదురు చెప్పినదానివి నువ్వొక్కదానివే" అంటూ ఆమెను వీపున ఎక్కించుకుని కరాళుడి గుహ దగ్గర దింపింది.

కరాళుడు తాళపత్రాల కట్టను ఆమె ముందుకు విసిరాడు. "తీసుకుపో పిల్లా. మీ ఊరివాళ్ళ సంగతి నాకు తెలుసులే" అని ఆవులించి అటు తిరిగి పడుకున్నాడు.

అమావాస్యనాటి సాయంత్రం, రాజూ మంత్రీ సహా ఊరంతా సావడిలో చేరాక, తండ్రి రాయి పక్కనే కూర్చుని కేతకి చదివింది. వరదలో ఒక పడవవాడు, ఉన్న ఒక్క చోటూ ఎవరి బిడ్డకో ఇచ్చి సొంత తమ్ముణ్ణి గట్టున వదిలేసిన కథ అది.

"ఊ" అన్నారు జనం. రాయి కదలలేదు. మళ్ళీ చదివింది. మళ్ళీ "ఊ." కేతకికి అనుమానం వచ్చింది.

"అప్పుడు ఏనుగు గుడ్డు పెట్టింది" అంది.

"ఊ" అన్నారందరూ.

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "పులి నోటిదాకా వెళ్ళి ఇది తెచ్చింది మీ ఊ కోసమా? మా నాన్న ఇక ఎప్పటికీ రాయైపోతున్నాడు. పడవవాడు చేసింది తప్పో ఒప్పో ఒక్కరైనా చెప్పరేం?"

చివరికి కుమ్మరి వీరమ్మ గొణిగింది. "తప్పే. తోడబుట్టినవాణ్ణి వదిలేస్తాడా?"

"బిడ్డను వదలమంటావా వీరమ్మా?" అన్నాడు గొల్ల పోతన్న.

"వాడు చేసింది ఒప్పే" అన్నాడు మంత్రి.

"కాదు" అన్నాడు రాజు.

సావడి దద్దరిల్లింది. ఆ గోలలో రాయి పెటపెటా పగిలింది. లోపలినుంచి మాచయ్య గొంతు అందరినీ మించి లేచింది.

"గట్టున నిలబడ్డ తమ్ముణ్ణి ఎవరైనా ఒక్కమాట అడిగారా?"

కేతకి తండ్రిని వాటేసుకుంది. రాజు సావడిని ఆమె చేతిలో పెట్టాడు. కరాళుడు దిండు చంకన పెట్టుకుని వేరే గుట్ట వెతుక్కుంటూ పోయాడు. వాదన మాత్రం ఆ రాత్రి తెగలేదు, మర్నాడూ తెగలేదు. కుందవరం చల్లగా ఉంది.